అల్లరి చేసేదొకరు, అల్లరిపాలయ్యేదొకరు

పసివాడు వంటింట్లో పిండి డబ్బా బోర్లించి ఒళ్ళంతా పూసుకుంటే అది అల్లరి. ఊళ్ళో రెండు వర్గాలు రాళ్ళు రువ్వుకుని దుకాణాలు తగలబెడితే అవి అల్లర్లు. కుదిరిన పెళ్ళి కట్నం దగ్గర చెడిపోయి ఆ సంగతి పదిమంది నోళ్ళలో పడితే ఆ ఇల్లు అల్లరిపాలైందంటాం. మొదటిదానికి నవ్వుతాం, రెండోదానికి తలుపులు బిగించుకుంటాం, మూడోదానికి తల దించుకుంటాం. ముద్దు, భయం, సిగ్గు అనే మూడు దూరపు భావాలు ఒక్క మాటలో ఎలా ఇమిడాయన్నది కాస్త నిదానంగా చూడవలసిన విషయం. ఎందుకంటే ఈ మాటను మనం అలవాటుకొద్దీ వాడేస్తున్న కొన్ని చోట్ల మనుషులకు అన్యాయం జరుగుతోంది.

నాకు అర్థమైనంతవరకు అల్లరి అన్న మాటలో పని కన్నా ఆ పనిమీద తీర్పు ఎక్కువ. అదే పిల్లవాడు, అదే పగిలిన కుండ. తల్లి చెబితే ఒక అర్థం, కుండ పోగొట్టుకున్న పొరుగామె చెబితే ఇంకో అర్థం. మాట ఎవరి నోట వచ్చింది, నష్టం ఎవరి ఇంట జరిగింది అన్న రెండు సంగతులు తెలియకుండా 'అల్లరి'కి అర్థం చెప్పలేం.

అయితే తెలుగు ఈ అర్థాలను కలగాపులగం చేసి వదిలేయలేదు. పక్కన చేరే క్రియలతో వాటిని విడదీసి పెట్టింది. 'అల్లరి చేస్తున్నాడు' అంటే చేసేవాడొకడు ఉంటే చాలు, ఎవరిని అని అడగనక్కరలేదు. 'అల్లరి పెట్టాడు' అనగానే ఎవరిని అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అక్కడ దెబ్బ తిన్న మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలి, చూసే నలుగురూ ఉండాలి. ఏకాంతంలో ఎవరినీ అల్లరి పెట్టలేం. 'అల్లరిపాలయ్యారు' అన్నప్పుడు చేసినవాడు పూర్తిగా తెరమరుగై, అనుభవించినవారు మాత్రమే మిగులుతారు. ఇక వచనం సంగతి. ఇంట్లో ఎంతమంది పిల్లలు ఎన్ని రకాలుగా ఇల్లు పీకి పందిరేసినా దాన్ని 'అల్లరి' అనే అంటాం. ఏకవచనం చాలు. 'అల్లర్లు' అన్నామంటే పోలీసు వ్యాన్లు, కర్ఫ్యూ, మూతపడిన బడులు కళ్ళముందుకు వస్తాయి. ఒక్క బహువచన ప్రత్యయం చేరగానే మాట ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి పోలీసు స్టేషన్‌కు చేరుతుంది.

చట్టం మాత్రం ఈ మాటను నమ్ముకోలేదు. చట్టపు తెలుగులో దీనికి 'దొమ్మీ' అని పేరు. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 191వ సెక్షన్ దొమ్మీ గురించి చెబుతుంది. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది చట్టవిరుద్ధంగా గుమికూడి, తమ ఉమ్మడి ఉద్దేశం కోసం బలప్రయోగానికి దిగితే అది దొమ్మీ. దొమ్మి అన్నది పాత యుద్ధభూమి మాట. ఎవరెవరితో పోరాడుతున్నారో తెలియకుండా ఇరు సైన్యాలూ కలగలిసిపోయే పోరును దొమ్మి అనేవారు. చట్టానికి కావలసింది అటువంటి గట్టి మాటే. 'అల్లరి' అంటే న్యాయమూర్తి ఎదుట కూడా ఎవరో ఒకరు పోనిద్దురూ అంటారు.

ఇంతకీ అల్లరి ఎక్కడిది? దీన్ని ఒంటరిగా పెట్టి చూస్తే ఏమీ తెలియదు. దీని ఇరుగుపొరుగు మాటలతో కలిపి చూడాలి. నీటి మీద లేచేది అల. మనసులోనో ఊళ్ళోనో లేచే కలవరం అలజడి. నిలవలేక కొట్టుకోవడం అల్లాడటం, గాలికి ఆకులు కదలడం అల్లలాడటం. ఇంకా పెద్దదైతే అల్లకల్లోలం. అందులో రెండో సగమైన 'కల్లోలం' కూడా సంస్కృతంలో పెద్ద అలే. నిశ్చలంగా ఉన్నది కదిలిపోవడం, సద్దుమణిగి ఉన్నచోట రొద పుట్టడం ఈ మాటలన్నింటిలో ఉంది. అల్లరిని నేను ఈ వరుసలోనే చూస్తాను. ఆ చూపుకు నిఘంటువు కూడా అనుకూలంగానే ఉంది. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో ఈ మాట గోల, గలభా అన్న అర్థాలతోనే మనకు పరిచయమవుతుంది.

ఈ లెక్కన పిల్లల అల్లరి అన్న తీపి అర్థం తరువాత మెత్తబడి వచ్చినదై ఉండాలి. దీనికి నాకు కనిపించే ఆధారం సమాసాల్లో, పలుకుబడుల్లో ఉంది. విడిగా ఉన్న మాట కాలంతోపాటు మారిపోతుంది గాని, మరో మాటతో జంట కట్టినది పాత అర్థాన్ని అంత తేలికగా వదలదు. అల్లరి మూక, అల్లరిచిల్లర, అల్లరిపాలు, అల్లరి పెట్టడం... ఇలా జంట కట్టిన వాటిలో చాలావరకు కటువుగానే ఉన్నాయి. తీపి ఉన్నది 'అల్లరి పిల్లవాడు', 'అల్లరి పిల్ల' లాంటి చోట్లనే. అంటే తీపి పిల్లల వల్ల వచ్చింది, మాట వల్ల కాదు.

ఇది ఒక్క అల్లరికే పరిమితం కాదు. తెలుగు తల్లులు అల్లరి పిల్లలకు పెట్టే ముద్దుపేర్లు చాలావరకు విధ్వంసం నుంచి తెచ్చుకున్నవే. పిడుగు అంటాం, ఇంకా ముద్దొస్తే చిచ్చరపిడుగు అంటాం. చిచ్చర అంటే నిప్పు. శివుడి మూడో కంటికి చిచ్చరకన్ను అని పేరు, మన్మథుణ్ణి బూడిద చేసింది అదే. నలుగురు పిల్లలు ఒకచోట చేరితే ఇల్లు కిష్కింధ అయిపోయిందంటాం. పిడుగు, నిప్పు, కోతిమూక అన్నీ ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి పళ్ళూడిపోయి ముద్దుమాటలవుతాయి. ఈ అలవాటు మనకు కొత్తగా వచ్చినదీ కాదు. పదిహేనో శతాబ్దపు పోతన దగ్గరే అది నిండుగా కనిపిస్తుంది.

ఆయన భాగవతం దశమ స్కంధంలో గోపికలు యశోద ఇంటికి వచ్చి కృష్ణుడి మీద చాడీలు చెప్పే పద్యాలు తెలుగువాళ్ళకు కంఠస్థం. వాటిలో ఒకటి:

బాలురకుఁ బాలు లేవని
బాలింతలు మొఱలు వెట్టఁ బకపక నగి యీ
బాలుం డాలము సేయుచు
నాలకుఁ గ్రేపులను విడిచె నంభోజాక్షీ!

పసిబిడ్డలకు పాలు లేవని బాలింతలు మొత్తుకుంటుంటే, వీడు పకపకా నవ్వుతూ ఆవుల దగ్గరికి దూడలను వదిలేశాడు. దూడలు తాగేశాక ఇక పితకడానికేముంటుంది? ఈ పద్యంలో 'ఆలము సేయుచు' దగ్గర ఆగాలి. ఇక్కడ మనం అల్లరి చేస్తూ అని చెప్పుకుంటాం, సందర్భానికి అదే సరైన అర్థం. కాని మన కావ్యభాషలో ఆలము అంటే యుద్ధం. ఏనుగులూ గుర్రాలూ కదిలే చోట వాడే మాటను పోతన దూడల పలుపులు విప్పే చిన్నపిల్లవాడికి ఇచ్చాడు. బాలురు, బాలింతలు, పాలు, బాలుడు, ఆలము, ఆలు అంటూ అక్షరాలు కూడా ఆ పిల్లవాడి వెంట పరుగెత్తుతున్నట్టే ఉంటాయి.

ఇంకో పద్యం మరీ దగ్గరగా చూడదగినది:

ఆడం జని వీరల పెరు
గోడక నీ సుతుఁడు ద్రావి యొక యించుక తాఁ
గోడలి మూఁతిం జరిమినఁ
గోడలు మ్రుచ్చనుచు నత్త గొట్టె లతాంగీ!

వీళ్ళింట పెరుగు తాగినవాడు ఊరుకోలేదు, కొంచెం తీసి ఆ ఇంటి కోడలి మూతికి పూసిపోయాడు. అత్త వచ్చి చూసింది. కోడలే దొంగ అని కొట్టింది. నాలుగు చిన్న పాదాల్లో ఒక ఇంటి కథ మొత్తం ఉంది. పాడి ఎవరి చేతిలో ఉన్నదీ, అనుమానం మొదట ఎవరిమీద పడుతుందీ, నోరెత్తి చెప్పుకునే వీలు ఎవరికి లేనిదీ అన్నీ అందులో ఉన్నాయి. ఈ పద్యం చదివి మనమంతా నవ్వుతాం. నేనూ నవ్వుతాను, పోతన నవ్వమనే రాశాడు. కాని ఆ దెబ్బలు తిన్నది ఆ కోడలు. ఆమె పేరు పద్యంలో లేదు, ఆమె నోట ఒక్క మాటా లేదు. పెరుగు తిన్నవాడికి లీల, తిననివాళ్ళకు దెబ్బలు. పోతన ఆ దెబ్బను దాచలేదు. చివరి పాదంలో పెట్టి మరీ చెప్పాడు.

గోపికల మాటలకు యశోద ఇచ్చే జవాబు అల్లరి అన్న మాటకే వ్యాఖ్యానం లాంటిది. నా బిడ్డ చన్ను విడిచి ఇటూ అటూ పోడు, పొరుగిళ్ళ తోవే ఎరుగడు, ఇంకా కళ్ళు తెరవని పసివాడు అని చెప్పి, అటువంటి 'చిన్ని కుమారునిని ఱవ్వ సేయం దగునే' అని వాళ్ళనే నిలదీస్తుంది. ఱవ్వ చేయడం అంటే అపవాదు వేసి నలుగురిలో అల్లరి పెట్టడం. అల్లరి చేశాడని ఫిర్యాదు చెప్పడానికి వచ్చినవాళ్ళు, ఒక్క పద్యం తిరిగేసరికి అల్లరి పెడుతున్నవాళ్ళయ్యారు. 'చేయడం' వాళ్ళ ఆరోపణ, 'పెట్టడం' ఆమె ఎదురు ఆరోపణ. ఫిర్యాదు చేసినవారినే రచ్చ చేస్తున్నారనడం ఈ కాలంలో పుట్టిన పద్ధతేమీ కాదు. అన్నట్టు ఆ 'రచ్చ' కూడా వీధి మాటే. సంస్కృతంలో 'రథ్యా' అంటే వీధి, ప్రాకృతంలో అది 'రచ్ఛా' అయింది, మన ఊళ్ళలో రచ్చబండగా కూర్చుంది. రచ్చకెక్కడం అంటే ఇంటి గుట్టు వీధికెక్కడం.

యశోద ఎప్పుడు మారింది? తన ఇంట కుండ పగిలినప్పుడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని ఆమె ఒడిలోని బిడ్డను దించి వెళితే, అలిగిన కృష్ణుడు రాతితో పెరుగు కుండ పగలగొట్టాడు. అప్పుడు కర్ర పట్టుకుని వెంటపడి, దొరకబుచ్చుకుని ఆమె అన్నది ఇది:

వీ రెవ్వరు? శ్రీకృష్ణులు
గారా? యెన్నఁడును వెన్నఁ గానరఁట కదా!
చోరత్వం బించుకయును
నేరరఁట ధరిత్రి నిట్టి నియతులు గలరే?

ఎవరండీ వీరు, శ్రీకృష్ణులుగారేనా, వెన్న అన్నది ఎన్నడూ చూడనే లేదట, దొంగతనం ఏమాత్రం తెలియదట, లోకంలో ఇంత నియమం గలవాళ్ళు ఉంటారా అని ఎత్తిపొడుపు. మనం కూడా పిల్లలను కోప్పడేటప్పుడు ఉన్నట్టుండి 'ఏమండీ దొరగారూ, తమరేనా ఈ గోడ మీద గీతలు గీసింది' అంటాం కదా, ఆ మర్యాద బహువచనం ఇక్కడ అలాగే ఉంది. ఇంతకు ముందు గోపికలు మొత్తుకున్న దొంగతనాన్ని ఆమె ఇప్పుడు తన నోటితో తానే ఒప్పుకుంటోంది. రోటికి కట్టే తాడు దగ్గరికి కథ ఆ తరువాతే వస్తుంది. ఊరంతా చెప్పినా వినని తల్లికి సొంత కుండ పగిలాక వినిపించింది. బాలకృష్ణుడి ఘట్టాన్ని వాత్సల్యం కోసం మాత్రమే చదివేవాళ్ళు ఈ వరుసను గమనించాలని నా కోరిక.

అల్లరికి తోబుట్టువుల్లాంటి మాటలు ఇంకా ఉన్నాయి, వాటి మధ్య తేడాలు సన్నవే గాని నిజమైనవి. పెంకితనంలో మొండితనం ఉంది, చెప్పినకొద్దీ చేయడం దాని లక్షణం. కొంటెతనం ఎక్కువగా మాటలోనూ చూపులోనూ ఉంటుంది, దానికి కొంచెం తెలివి కావాలి. చిలిపితనం వయసొచ్చాక ప్రేమ వైపు ఒరుగుతుంది. ఐదేళ్ళవాడి చిలిపితనం, పాతికేళ్ళవాడి చిలిపితనం ఒకటి కావు. తుంటరిలో ఎదుటివాడికి చిన్నపాటి హాని తలపెట్టడం ఉంది. ముళ్ళపూడి వెంకటరమణ రాయగా బాపు బొమ్మలు గీసిన బుడుగు తెలుగు ఇళ్ళలో నిలిచిపోవడానికి ఒక కారణం, అక్కడ అల్లరి చేసేవాడే నోరు విప్పి కథ చెబుతాడు. పోతనలో మనం అల్లరిని దెబ్బతిన్నవాళ్ళ నోట విన్నాం, బుడుగులో చేసినవాడి నోట వింటాం. వాడి లెక్కలో తప్పంతా పెద్దవాళ్ళదే.

దుడుకు మాత్రం వేరే దారి పట్టింది. దుడుకు పిల్లవాడు అన్నప్పుడు అది బాల్యపు మాటే. కాని గౌళ రాగంలో త్యాగరాజు పంచరత్న కీర్తన 'దుడుకుగల నన్నే దొర కొడుకు బ్రోచురా' దగ్గర అది ఎదిగిన మనిషి తన మీద తాను వేసుకున్న అభియోగం. పరుల ధనం కోసం వాళ్ళ మనసు కరిగేలా మాట్లాడి పొట్ట నింపుకుంటూ తిరిగాననీ, అటువంటివే ఇంకా ఎన్నో చేశాననీ ఆయన వరసగా చెప్పుకుంటాడు. అక్కడ దుడుకుకు ముద్దు లేదు, క్షమాపణ అడగడానికి పసితనం అన్న సాకు లేదు. చేసినవాడు పెద్దవాడైతే మాటకు ఉండవలసిన బరువు అదే.

ఇప్పుడు మనం వాడుతున్న తీరులో ఆ బరువు పోయింది. దానికి 'ఆకతాయి'ని మించిన సాక్ష్యం లేదు. ఇది సంస్కృతపు 'ఆతతాయి' నుంచి వచ్చిందన్న వివరణ ఉంది, నాకు అది నమ్మదగినదిగానే తోస్తుంది. వరసగా వచ్చిన రెండు తకారాల్లో ఒకటి కకారం కావడం నోటికి సులువు. ఆతతం అంటే సాగదీసినది, ఎక్కుపెట్టినది. రుద్ర నమకంలో 'ఆతతావినే' అని నమస్కరించేది ఎక్కుపెట్టిన వింటితో నిలిచిన రుద్రుడికి. ధర్మశాస్త్రాల్లో ఆతతాయి అంటే పరమ నేరస్థుడు. ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం పట్టి మీదికి వచ్చేవాడు, ధనం, పొలం, భార్య అపహరించేవాడు అని ఆరుగురిని లెక్క పెట్టారు. అటువంటివాడు మీదికి వస్తుంటే ఆలోచించకుండా చంపవచ్చునని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవులను అన్నది ఈ మాటే. ఆతతాయిలైనా సరే వీళ్ళను చంపితే మనకు పాపమే వస్తుంది అంటాడు.

అంత క్రూరమైన మాట తెలుగులోకి వచ్చేసరికి గోడ దూకి మామిడికాయలు కోసే కుర్రవాడి దగ్గర ఆగిపోయింది. అంతవరకూ అయితే సంతోషమే, పిడుగు ముద్దుపేరైనట్టే ఇదీ అయింది. కాని అక్కడితో ఆగలేదు. ఆడపిల్లల వెంటపడేవాళ్ళు, బస్సుల్లో చేతులు వేసేవాళ్ళు, ఫోటోలు తీసి బెదిరించేవాళ్ళు పత్రికల్లో 'ఆకతాయిలు' అయ్యారు. వాళ్ళు చేసేది 'అల్లరి' అయింది, 'ఆకతాయి చేష్టలు' అయింది. పిల్లల దగ్గర సంపాదించుకున్న మెత్తదనాన్ని ఈ మాటలు ఇరవై ఐదేళ్ళవాడికి ఉచితంగా పంచిపెట్టాయి.

సినిమా దీనికి తన వంతు సాయం చేసింది. 1992లో అల్లరి మొగుడు, 1993లో అల్లరి అల్లుడు, అదే ఏడాది అల్లరి ప్రియుడు. వరసగా చూస్తే మొగుడు, అల్లుడు, ప్రియుడు, ముగ్గురూ ఎదిగిన మగవాళ్ళే. పేర్లలో అకారాల అందం ఉంది, కాదనను. కాని 'అల్లరి' అన్న విశేషణం కథానాయకుడి పక్కన చేరితే తనను వద్దన్న అమ్మాయి వెంట అతను ఎంత దూరం వెళ్ళినా ప్రేక్షకుడు ముందే క్షమించేసి ఉంటాడు. ఇది ఆ మూడు సినిమాల తప్పు అనడం లేదు. ఒక తరం మొత్తం వెంటపడటాన్ని వలపుగా చూపిన తెరకు ఈ మాట ఎంత అనువుగా దొరికిందో చెబుతున్నాను.

తెలంగాణలో 2014 అక్టోబరులో మహిళల రక్షణ కోసం పోలీసుల షీ టీమ్స్ మొదలైనప్పుడు వాటి పని ఇటువంటివారిని పట్టుకోవడమే. అంతకు ముందు ఏడాది, 2013లో, వెంటాడటాన్ని విడి నేరంగా భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా చేర్చారు. ఇప్పుడది న్యాయ సంహితలో 78వ సెక్షన్. లైంగిక వేధింపుకు 75వ సెక్షన్ ఉంది. చట్టం ఈ పనులకు ఇంత స్పష్టంగా పేర్లు పెట్టాక కూడా, పట్టుబడినవారి వార్తలో 'ఆకతాయిల ఆట కట్టు' అన్న శీర్షిక చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆట ఎవరిది? ఆడింది ఎవరితో?

మన వాడుకలో సరైన మాటలు లేక కాదు. తెలంగాణ నుంచి కోస్తా దాకా అందరికీ తెలిసిన 'సతాయించడం' ఉర్దూ నుంచి వచ్చిన మంచి మాట. దానికి ఎవరిని అన్న కర్మ లేకుండా వాక్యం నడవదు. 'వేధించడం' కూడా అంతే. 'వెంటాడటం' చెవిన పడగానే ముందు పరుగెత్తుతున్న మనిషి ఒకరు ఉన్నారని తెలుస్తుంది. అల్లరి చేయడానికి మాత్రం అవతల ఎవరూ ఉండనక్కరలేదని ముందే చూశాం. వ్యాకరణంలో ఉన్న ఈ సౌలభ్యమే నేరం చేసినవాడికి చాటుగా పనికొస్తోంది. 'బస్టాండులో ఆకతాయిల అల్లరి' అని రాయవచ్చు. 'బస్టాండులో విద్యార్థినులకు వేధింపులు, ముగ్గురి అరెస్టు' అనీ రాయవచ్చు. మొదటి శీర్షికలో లేని విద్యార్థినులు రెండోదానిలో ఉన్నారు.